పింక్ ఫ్లాయిడ్‌లో నా ఓటు ‘యానిమల్స్’కే

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌లలో ఏది గొప్పదని అడిగితే మనవాళ్ళలో సగం మంది ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ అంటారు. మిగతా సగంలో ఎక్కువమంది ‘ద వాల్’ అంటారు. ఇంకాస్త లోతుగా విన్నవాళ్ళు ‘విష్ యూ వర్ హియర్’ పేరు చెప్పి అక్కడితో ఆపేస్తారు. 1977లో వచ్చిన ‘యానిమల్స్’ సంగతి ఎత్తితే మాత్రం “బాగుంటుంది, కానీ...” అని మొదలుపెడతారు. ఆ ‘కానీ’ తర్వాత వచ్చే మాటలు ఇన్నేళ్ళుగా వింటూనే ఉన్నాను. రెండు చిన్న ముక్కలు వదిలేస్తే ఉన్నవి మూడే పాటలు, ఒక్కొక్కటీ పది నిమిషాల పైనే. అంతా కోపమే తప్ప మనుషుల మీద జాలి లేదు. కూనిరాగం తీసుకోవడానికి ఒక్క ట్యూన్ లేదు. అసలది బ్యాండ్ ఆల్బమే కాదు, బేస్ గిటార్ వాయించి పాటలు రాసే రోజర్ వాటర్స్ సోలో ఆల్బమ్.

ఈ నాలుగింటిలో చివరిదానితోనే నాకు పెద్ద తగువు. ఆ ఒక్క మాట నమ్మేసి వినడం మొదలుపెడితే మిగతా మూడూ వాటంతటవే నిజమనిపిస్తాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ‘యానిమల్స్’ పింక్ ఫ్లాయిడ్ చేసిన అన్నిటిలోకీ గొప్ప ఆల్బమ్. బ్యాండ్‌లోని నలుగురూ ఒక బ్యాండ్‌గా వాయించిన చివరి ఆల్బమ్ కూడా అదే.

పాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూస్తే సోలో ఆల్బమ్ అన్న మాట నిలబడదు. ‘డాగ్స్’, ‘షీప్’ రెండూ 1974 నుంచే కచేరీల్లో వాయించిన పాటలు. అప్పుడు వాటి పేర్లు ‘యూ హావ్ గాట్ టు బీ క్రేజీ’, ‘రేవింగ్ అండ్ డ్రూలింగ్’. 1975లో ‘విష్ యూ వర్ హియర్’ తయారవుతున్నప్పుడు వాటిని ఆ ఆల్బమ్‌లోనే పెట్టాలని గిటారిస్టు డేవిడ్ గిల్మర్ అన్నాడు. వాటర్స్ వద్దన్నాడు. వాటర్స్ మాటే నెగ్గింది, పాటలు రెండూ పక్కకి పోయాయి. నా దృష్టిలో అది మంచి నిర్ణయమే, ఎందుకంటే ఏడాది గడిచాక అవి ఇంకా పదునెక్కి తిరిగొచ్చాయి. ‘యానిమల్స్’ మొత్తం 42 నిమిషాలకి కొంచెం తక్కువ. అందులో 27 నిమిషాలు ఈ రెండు పాటలే. నలుగురూ స్టేజి మీద కలిసి వాయించి వాయించి సానబెట్టిన సంగీతం అది. ఒక్కడు ఇంట్లో కూర్చుని రాసుకొచ్చి మిగతావాళ్ళ చేత వాయించినది కాదు.

రికార్డింగ్ 1976 ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా జరిగింది. లండన్ ఇస్లింగ్టన్ ప్రాంతంలో బ్రిటానియా రో అనే వీధిలో ఒక పాత చర్చి హాలు భవనాన్ని బ్యాండ్ కొనుక్కుని సొంత స్టూడియోగా మార్చుకుంది. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు కానీ ఆల్బమ్ సౌండ్‌కి దీనికీ సంబంధం ఉందని నా నమ్మకం. అంతకుముందు రెండు ఆల్బమ్‌లూ ఆబీ రోడ్ స్టూడియోలో చేసినవి. వాటిలో ప్రతి శబ్దం చుట్టూ ఒక మెరుపు ఉంటుంది. వెనక అమ్మాయిల గొంతులు, శాక్సఫోన్, ఆ నునుపు. ‘యానిమల్స్’లో అవేవీ లేవు. డ్రమ్స్ పొడిగా, ఎదురుగా కొట్టినట్టు వినిపిస్తాయి. గిటార్ గరుకుగా ఉంటుంది. నాలుగు వాయిద్యాలు, రెండు గొంతులు, కొన్ని జంతువుల అరుపులు. దాదాపు అంతే. పింక్ ఫ్లాయిడ్ అసలు ఎలా వాయిస్తుందో వినాలంటే పైపూత ఇంత తక్కువగా ఉన్న ఆల్బమ్ 1970ల మధ్యలో వాళ్ళు ఇంకొకటి చేయలేదు.

ఇక క్రెడిట్ల దగ్గరికి వద్దాం, వాటర్స్ ఆల్బమ్ అనేవాళ్ళకి దొరికే ఆధారం అదే కాబట్టి. ‘డాగ్స్’ ఒక్కటే గిల్మర్, వాటర్స్ ఇద్దరి పేరు మీద ఉంది. మిగతావన్నీ వాటర్స్ పేరు మీదే. కీబోర్డు వాయించే రిక్ రైట్‌కి ఒక్క పాటలో కూడా రచనా క్రెడిట్ లేదు. పింక్ ఫ్లాయిడ్ చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. పైగా రాయల్టీ లెక్క పాటకింత అని ఉండేది. ‘పిగ్స్ ఆన్ ద వింగ్’ అనే దాదాపు మూడు నిమిషాల పాటని వాటర్స్ రెండు ముక్కలు చేసి ఒకటి మొదట్లో, ఒకటి చివర్లో పెట్టాడు కాబట్టి అవి రెండు పాటలయ్యాయి. పదిహేడు నిమిషాల ‘డాగ్స్’లో సగం భాగం ఉన్న గిల్మర్‌కి మాత్రం ఒక్క పాటలో సగమే దక్కింది. గిల్మర్‌కి ఇది కడుపు మంట కలిగించిందంటే ఆశ్చర్యం లేదు. కాగితం మీద ఇది వాటర్స్ ఆల్బమ్. కానీ మనం వినేది కాగితాన్ని కాదు కదా.

‘డాగ్స్’ వినండి. అకౌస్టిక్ గిటార్ దూరం నుంచి దగ్గరికి వస్తున్నట్టు నెమ్మదిగా పెరుగుతుంది. తీగల్ని మామూలు ట్యూనింగ్ కన్నా ఒక పూర్తి స్వరం కిందికి దించి కట్టారు కాబట్టి అందులో ఒక బరువు, ఒక వదులు ఉంటాయి. కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) ఎక్కడా కుదురుగా నిలబడవు, ఎటో జారిపోతుంటాయి. వాటి మీద గిల్మర్ గొంతు. ఈ పాటలో మొదటి సగం పాడింది గిల్మర్ అని గుర్తుపెట్టుకోవాలి. మాటలు వాటర్స్‌వే. వ్యాపారంలో పైకి రావాలనుకునేవాడికి సలహాలు చెబుతున్నట్టు ఉంటాయి. మెడలో సరైన టై కట్టుకో, చేయి గట్టిగా కలుపు, కళ్ళలోకి నమ్మకంగా చూడు, ఎదుటివాడు నిన్ను నమ్మాలి, అప్పుడే వాడు వెనక్కి తిరిగినప్పుడు నీకు కత్తి దించే అవకాశం దొరుకుతుంది. ఇంత విషపు మాటల్ని గిల్మర్ ఎంత అందంగా పాడతాడో! వాటర్స్ పాడి ఉంటే అవి తిట్లయ్యేవి. గిల్మర్ పాడటం వల్ల అవి మనల్ని ఊరించే మాటలయ్యాయి. వాటిని విని ఎవరైనా ఆ దారి పట్టొచ్చు అనిపిస్తుంది. పాటకి ఆ ప్రమాదం కావాలి. ఇద్దరు మనుషులుంటేనే కుదిరే పని ఇది.

గిటార్ సోలోల సంగతి వేరే చెప్పాలి. రెండు గిటార్లు జంటగా కలిసి పాడే చోట, ఒక గిటార్ కింద ఒక గిటార్ అలా మెట్లు దిగుతూ వెళ్ళే చోట, మాటల అవసరమే ఉండదు. మన కాలేజీ ఫెస్టుల్లో రాక్ పోటీ అంటే ఎవరో ఒకరు ‘ద వాల్’లోని ‘కంఫర్టబ్లీ నంబ్’ సోలో ఎత్తుకోవడం ఆనవాయితీ. అది గొప్ప సోలోనే, కాదనను. కానీ గిల్మర్ ఒక వాదన లాగా గిటార్ వాయించింది ‘డాగ్స్’లోనే. ముందు పొగరు, తర్వాత అనుమానం, ఆ తర్వాత ఏడుపు, అన్నీ ఒకే పాటలో అదే చేతి నుంచి వస్తాయి.

పాట మధ్యకి వచ్చేసరికి ఆ సలహాలు విన్న మనిషి ముసలివాడైపోతాడు. ఒంటరిగా, క్యాన్సర్‌తో, ఎవరూ లేకుండా పోతాడని గొంతు చెబుతుంది. మెడకి కట్టిన రాయి కిందికి లాగేస్తుంది. ‘స్టోన్’ అన్న ఆ మాట అక్కణ్ణుంచి ప్రతిధ్వనించడం మొదలవుతుంది. ఒకసారి, ఇంకోసారి, ఇంకోసారి. వింటూ ఉండగానే ఆ మాటలోంచి మనిషి గొంతు కొంచెం కొంచెంగా కరిగిపోయి సింథసైజర్ మోతలో కలిసిపోతుంది. కుక్కల అరుపుల్ని వొకోడర్ (గొంతుని యంత్రం గొంతులా మార్చే పరికరం) గుండా పంపించారు కాబట్టి అవి కూడా సగం కుక్కలా, సగం యంత్రంలా వినిపిస్తాయి. నిమిషాల తరబడి ఇలాగే సాగుతుంది. ఇక్కడే చాలామంది ఫార్వర్డ్ బటన్ నొక్కుతారు. ఒక మనిషి నీళ్ళలో మునిగిపోవడానికి పట్టేంత సమయం పాట మనల్ని అక్కడ కూర్చోబెడుతుంది. దాన్ని దాటేస్తే తర్వాత వచ్చేదానికి అర్థం ఉండదు.

తర్వాత వచ్చేది వాటర్స్ గొంతు. అదే అకౌస్టిక్ గిటార్ మళ్ళీ మొదలవుతుంది కానీ ఈసారి పాడేవాడు వేరు. ఇప్పటిదాకా పైనుంచి సలహాలు ఇచ్చిన పాట ఇప్పుడు ఆ కుక్క లోపలికి దిగుతుంది. నాకు అయోమయంగా ఉంది, నన్ను ఎవరో వాడుకుంటున్నారేమోనని అప్పుడప్పుడూ అనిపిస్తోంది అంటుంది. చివరికి ప్రతి లైనూ ‘ఎవరు’ అనే మాటతో మొదలయ్యే పొడుగాటి ప్రశ్నల వరస. కష్టాలున్న ఇంట్లో పుట్టింది ఎవరు, గొలుసు కట్టి పెంచింది ఎవరిని, చెప్పిన పని చేయమని నేర్పింది ఎవరికి... మొదటి సగంలో మనం అసహ్యించుకున్న మనిషే ఇక్కడికి వచ్చేసరికి మన పక్కింటి కుర్రాడైపోతాడు. ఈ ఆల్బమ్‌లో జాలి లేదనేవాళ్ళు ఈ చివరి నిమిషాలు వినలేదనే నేను అనుకుంటాను.

హైదరాబాదులో ఐటీ ఉద్యోగం చేసే నాలాంటి వాళ్ళకి ఈ పాట వేరే చోట తగులుతుంది. అప్రైజల్ సీజన్ రాగానే టీమ్‌లో ఉన్న స్నేహాలన్నిటికీ రేటింగ్ పడుతుంది. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో మా మేనేజర్ ఒకాయన ఉండేవాడు. మనిషిని చూస్తే చాలు, పేరు పెట్టి పిలిచి, ఇంట్లోవాళ్ళ క్షేమం అడిగి, భుజం మీద చేయి వేసేవాడు. ఖర్చు తగ్గించాలని పైనుంచి మాట వచ్చినప్పుడు ఆయన ఇచ్చిన లిస్టులో ఆ భుజం తట్టిన వాళ్ళే చాలామంది ఉన్నారు. కొన్నాళ్ళకి ఆయన్నీ మీటింగ్ రూమ్‌లోకి పిలిచారు. లాప్‌టాప్ అక్కడే తీసేసుకున్నారు. బయటికి వచ్చి, ఐడీ కార్డు తాడు చేతికి చుట్టుకుంటూ, “నీ పర్సనల్ నంబరు ఒకసారి రాసివ్వు, నా దగ్గర ఎవరి నంబర్లూ లేవు, అన్నీ ఆఫీసు ఫోన్లోనే ఉన్నాయి” అని అడిగాడు. నాకు ఆయన మీద కోపం ఉండాల్సింది, ఉంది కూడా. కానీ నంబరు రాసిచ్చాను. ‘డాగ్స్’ ఎంత నిజమైన పాటో నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది.

ఇక నిడివి. పదిహేడు నిమిషాల పాట ఎవరు వింటారని అడుగుతారు. రాగం తానం పల్లవి గంటసేపు కదలకుండా కూర్చుని వినే ఇళ్ళలో పుట్టినవాళ్ళు కూడా ఈ ప్రశ్న అడగడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. అక్కడ రాగం మెల్లగా విచ్చుకుంటోందని ఎదురుచూస్తాం. ఇక్కడ మాత్రం పల్లవి ఎప్పుడొస్తుందని గడియారం చూస్తాం. ‘డాగ్స్’లో అనవసరమైన నిమిషం నాకైతే ఒక్కటీ కనిపించలేదు.

మూడో పెద్ద పాట ‘పిగ్స్’ గురించి పెద్దగా చెప్పను. మూడు పాటల్లో కాస్త తక్కువది ఇదే. ముగ్గురు పెద్దమనుషుల్ని మూడు చరణాల్లో ఉతుకుతుంది. మూడో చరణంలో మేరీ వైట్‌హౌస్ పేరు నేరుగానే వస్తుంది. టీవీలో అశ్లీలం పెరిగిపోతోందని బ్రిటన్‌లో ఉద్యమం నడిపినావిడ. ఆమె ఎవరో తెలియనివాళ్ళకి ఇప్పుడా చరణం సగం చప్పబడిపోతుంది. అయినా నిక్ మేసన్ డ్రమ్స్, ఆ కౌబెల్ దరువు, గిటార్ శబ్దాన్ని నోటితో మలిచే టాక్ బాక్స్‌లోంచి గిల్మర్ గిటార్‌తో పంది అరుపులు పలికించడం, ఇవన్నీ శరీరాన్ని ఊపేస్తాయి. వాటర్స్ 2017 పర్యటనలో ఈ పాటని డొనాల్డ్ ట్రంప్ మీద ఎక్కుపెట్టాడు. నలభై ఏళ్ళ నాటి పాట, ఒక్క మాట మార్చకుండానే పనికొచ్చింది.

నేను అసలు మాట్లాడాలనుకున్నది రిక్ రైట్ గురించి. క్రెడిట్లలో పేరు లేని మనిషి.

‘షీప్’ మొదలయ్యేది గొర్రెల అరుపులతో, పిట్టల కూతలతో. వాటి మీద రైట్ ఎలక్ట్రిక్ పియానో ఒంటరిగా వస్తుంది. నిమిషంన్నరకి పైగా, ఏ తొందరా లేకుండా, పచ్చిక మీద నడిచినట్టు వాయిస్తాడు. చక్కగా ఉంటుంది. చాలా హాయిగా ఉంటుంది. కింద నుంచి బేస్ మెల్లగా పైకి వస్తుంటే ఆ హాయి మీద ఒక నీడ పడుతుంది. పాట చెప్పాల్సిందంతా ఆ నిమిషంన్నరలో ఉంది. గొర్రెలకి ఏమీ తెలియదు, మనకి తెలుసు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని మన పెద్దవాళ్ళు అననే అన్నారు. ఆ నమ్మకం లోపల్నుంచి ఎలా ఉంటుందో రైట్ వేళ్ళు వినిపిస్తాయి. ఈ ముందుమాట లేకుండా ‘షీప్’ మొదలైతే అది ఇంకో కోపం పాట అయ్యేది, అంతే.

తర్వాత వాటర్స్ అరుస్తాడు. లైను చివరి అక్షరం సాగి సాగి, గొంతు ఎక్కడ ఆగిందో సింథసైజర్ ఎక్కడ అందుకుందో తెలియకుండా కలిసిపోతుంది. మనిషి మాట మనిషి చేతిలోంచి జారిపోవడం ‘డాగ్స్’లో చూశాం, ఇక్కడ ప్రతి లైనులోనూ జరుగుతుంది. మధ్యలో అంతా సద్దుమణిగాక బైబిల్ 23వ కీర్తనని తిరగేసి, వొకోడర్ గొంతుతో ప్రార్థనలా చదువుతారు. యెహోవా నా కాపరి అనే కీర్తన మన ఊళ్ళలో చర్చి మైకుల్లో విన్న ఎవరికైనా ఆ చోట ఒళ్ళు జలదరిస్తుంది. ఇక్కడ కాపరి గొర్రెల్ని పచ్చిక దగ్గరికి తీసుకెళ్ళి, చివరికి మాంసం ముక్కలు చేస్తాడు. ఆ తర్వాతే గొర్రెలు తిరగబడతాయి. కుక్కలు చచ్చాయి. గిల్మర్ గిటార్ కార్డులు పండగలా మోగుతాయి. అయితే ఆ పండగలోనే, ఇంటి పట్టున ఉండండి, చెప్పినట్టు వినండి అనే మాట కూడా ఉంది. కొత్త పెత్తనం అప్పుడే వచ్చేసిందన్నమాట. మాటలు హెచ్చరిస్తుంటే సంగీతం సంబరం చేసుకుంటుంది. ఈ రెంటిలో ఏది నమ్మాలో పాట చెప్పదు. జార్జ్ ఆర్వెల్ 1945 నాటి నవల ‘యానిమల్ ఫామ్’ నుంచి వాటర్స్ జంతువుల ఊహ తీసుకున్నాడు. ఆర్వెల్ గురి స్టాలిన్ మీద, వాటర్స్ గురి డబ్బు నడిపే సమాజం మీద. తిరుగుబాటు గెలిచినా గెలవనట్టే ఉండే ఆ చేదు మాత్రం ఇద్దరిలోనూ ఉంది.

రైట్ తర్వాతి రోజుల్లో ‘యానిమల్స్’ గురించి పెద్ద ఇష్టంగా ఏమీ చెప్పలేదు. అప్పట్లో తన దగ్గర ఇవ్వడానికి పాటలు లేవన్నాడు. ఆయన మాటని కాదనే హక్కు నాకు లేదు. ఆయన చేసిన పని గురించి మాత్రం నా చెవులు వేరే సాక్ష్యం చెబుతాయి. రాక్‌లో పాట రాసిన క్రెడిట్ అంటే సాధారణంగా మాటలకీ, ట్యూన్‌కీ, కార్డులకీ ఇచ్చేది. ‘షీప్’ ముందుమాట వాయించినవాడికి దాంట్లో చోటు లేదు. ‘పిగ్స్’ మొదట్లో వచ్చే ఆ ఆర్గాన్ వరస వాయించినవాడికీ లేదు. ఆ రెండూ తీసేసి ఈ ఆల్బమ్ ఒకసారి మనసులో విని చూడండి. మిగిలేది నిజంగానే వాటర్స్ సోలో ఆల్బమ్.

కోపం తప్ప ఏమీ లేదన్న ఆరోపణకి అసలు జవాబు రెండు ముక్కలైన ఆ చిన్న ప్రేమపాటలో ఉంది. ‘పిగ్స్ ఆన్ ద వింగ్’ వాటర్స్ అప్పట్లో పెళ్ళాడిన కరోలిన్ కోసం రాసుకున్నది. ఒక గొంతు, ఒక అకౌస్టిక్ గిటార్, ఇంకేమీ ఉండవు. మొదటి ముక్కలో, మనం ఒకరినొకరం పట్టించుకోకపోతే ఏమవుతుంది అనే ఊహ. తర్వాత నలభై నిమిషాల దాకా అదే జరుగుతుంది: ఎవరూ ఎవర్నీ పట్టించుకోని లోకం. చివరి ముక్కలో, నువ్వు నన్ను పట్టించుకుంటావని నాకు తెలుసు అంటాడు. అంటూనే తనని తాను కుక్కల్లో కలుపుకుంటాడు, కుక్కకి కూడా తలదాచుకునే చోటు కావాలి కదా అని. ఆల్బమ్ అంతా వేలెత్తి చూపించిన మనిషి చివరికి ఆ వేలు తన వైపు తిప్పుకున్నాడు. ఇంతకన్నా జాలి ఏం కావాలి?

ఈ పాటల క్రమం ఎంత ముఖ్యమో ఒక చిన్న ఉదాహరణ చెప్తాను. ఇంజనీరింగ్ హాస్టల్లో మా తరానికి పింక్ ఫ్లాయిడ్ అందింది సీనియర్ల హార్డ్ డిస్కుల్లోంచి, ఎంపీ3 ఫోల్డర్లుగా. ఆ ఫైళ్ళలో ట్రాక్ నంబర్లు ఉండేవి కావు, కంప్యూటర్ వాటిని అక్షర క్రమంలో పేర్చేది. అంటే ముందు ‘డాగ్స్’, తర్వాత ‘పిగ్స్’, ఆ తర్వాత ప్రేమపాట రెండు ముక్కలూ ఒకదాని వెంట ఒకటి, చివర్న ‘షీప్’. అలా వింటే ఆల్బమ్ తిరుగుబాటుతో ముగుస్తుంది, ప్రేమపాట మధ్యలో ఇంటర్వెల్ లాగా వచ్చి పోతుంది. మా హాస్టల్లో దీన్ని ‘పొలిటికల్ ఆల్బమ్’ అనేవాళ్ళు. అసలు క్రమంలో విన్నవాళ్ళెవరూ దాన్ని ఆ ఒక్క మాటతో వదిలెయ్యలేరు. మన దగ్గర చాలామందికి ఇది రాతిగుండె ఆల్బమ్‌గా గుర్తుండిపోవడానికి ఆ ఫోల్డర్లు కూడా ఒక కారణమని నా అనుమానం.

మరి ‘డార్క్ సైడ్’ సంగతి? 1973 నుంచి 1988 దాకా అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 741 వారాలు ఉన్న ఆల్బమ్ అది. నలుగురి పేర్లూ క్రెడిట్లలో ఉన్నాయి. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కాలం, చావు, డబ్బు, పిచ్చి, అందరికీ ఉండే బాధల గురించి అది పాడుతుంది. అందరికీ ఉండే బాధ కాబట్టి ఎవరి తప్పూ ఉండదు. విని, నిట్టూర్చి, హాయిగా నిద్రపోవచ్చు. ‘యానిమల్స్’ అలా వదలదు, ఈ బాధల్లో కొన్నిటికి ఎవరు కారణమో అడుగుతుంది. 1976లో బ్రిటన్ చేతిలో డబ్బు లేక అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పుకి చేయి చాచింది. ధరలు మండిపోతున్నాయి, ఉద్యోగాలు లేవు. ఆ చలికాలంలో ఇలాంటి ప్రశ్న అడిగిన పెద్ద బ్యాండ్ ఇంకొకటి నాకు గుర్తు రావడం లేదు. ‘విష్ యూ వర్ హియర్’ నాకు రెండో స్థానం. బ్యాండ్ తొలి గాయకుడు సిడ్ బారెట్ లేని లోటు మీద అంత అందమైన ఏడుపు ఇంకొకరు ఏడవలేరు. కానీ అది లోపలికి చూసే ఆల్బమ్.

‘ద వాల్’ అయితే పూర్తిగా లోపలికి పోయి తలుపేసుకుంది. అది పుట్టిందే ‘యానిమల్స్’ పర్యటన చివరి రోజున. 1977 జులై 6న మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో, స్టేజి ముందు గోల చేస్తున్న ఒక అభిమాని మీద వాటర్స్ ఉమ్మేశాడు. తనకీ జనానికీ మధ్య గోడ కట్టుకోవాలనే ఊహ అక్కడే పుట్టింది. 26 ట్రాకుల డబుల్ ఆల్బమ్ అయింది. ‘హే యూ’, ‘కంఫర్టబ్లీ నంబ్’ నాకూ ప్రాణమే. అయితే ఆ 80 నిమిషాల్లో తల్లి, పంతులు, భార్య, అందరూ ఒక్క మనిషి బాధకి కారకులుగానే వస్తారు. ‘డాగ్స్’ చివర్లో శత్రువు లోపలికి దిగి చూసిన మనిషి, రెండేళ్ళు తిరిగేసరికి తన లోపలే ఉండిపోయాడు. ఆ రికార్డింగ్ జరుగుతుండగానే రైట్‌ని బ్యాండ్‌లోంచి పంపించేశారు. తర్వాత కచేరీల్లో ఆయన జీతానికి వాయించాడు. దాన్ని నలుగురి ఆల్బమ్ అని నేను ఎలా అనగలను?

ఆ రోజుల్లో బ్రిటన్‌లో కొత్తగా వచ్చిన మొరటు, కోపపు రాక్ సంగీతం పంక్ గురించి ఒక మాట చెప్పి తీరాలి. పంక్ కుర్రాళ్ళు పింక్ ఫ్లాయిడ్‌ని ముసలి డైనోసార్లన్నారని అందరూ చెప్పే కథ. సెక్స్ పిస్టల్స్ గాయకుడు జానీ రాటెన్ పింక్ ఫ్లాయిడ్ టీషర్టు మీద ‘ఐ హేట్’ అని రాసుకుని తిరిగిన మాట నిజమే. 1976 డిసెంబరు 1న ఆ పిస్టల్స్ బ్రిటిష్ టీవీలో బూతులు మాట్లాడి దేశమంతా గగ్గోలు పుట్టించారు. సరిగ్గా ఆ మర్నాడే లండన్‌లో బ్యాటర్సీ పవర్ స్టేషన్ దగ్గర పింక్ ఫ్లాయిడ్ కవర్ ఫొటో కోసం భారీ గాలి పందిని ఎగరేసే ప్రయత్నం మొదలైంది. తాడు తెగితే పందిని పేల్చడానికి తుపాకీ పట్టిన మనిషిని మొదటిరోజు పెట్టుకున్నారు, రెండోరోజు పిలవడం మర్చిపోయారు. ఆ రెండోరోజే పంది తెంపుకుని హీత్రూ విమానాల దారిలోకి వెళ్ళిపోయి, చివరికి కెంట్‌లో ఒక పొలంలో పడింది. ఈ కథ చెప్పుకుని నవ్వుకుంటారు, మంచిదే. కానీ ఆ కవర్ లోపల ఉన్న సంగీతంలో కోపం పంక్ రికార్డుల్లో కోపానికి ఏమాత్రం తీసిపోదు. పంక్ బ్యాండ్ ద డ్యామ్డ్ రెండో ఆల్బమ్‌కి మరుసటి ఏడాది ప్రొడ్యూసర్‌గా పనిచేసింది నిక్ మేసనే, అదీ ఇదే బ్రిటానియా రోలో. రెండు లోకాల మధ్య గోడ మనం అనుకున్నంత ఎత్తుగా లేదు.

ఈ ఆల్బమ్ ఎవరిది అన్న తగువు వాళ్ళలో వాళ్ళకే ఇంకా తెగలేదు. సౌండ్ ఇంజనీరు జేమ్స్ గుత్రీ 2018లో కొత్తగా రీమిక్స్ చేస్తే అది బయటికి రావడానికి 2022 సెప్టెంబరు దాకా పట్టింది. ఆల్బమ్‌తో పాటు అచ్చు వేయాల్సిన పరిచయ వ్యాసం గిల్మర్‌కి సమ్మతం కాలేదని వాటర్స్ 2021లో బయటపెట్టాడు. ఆ వ్యాసాన్ని తన వెబ్‌సైట్‌లో పెట్టేశాడు. ఆల్బమ్ చివరికి ఆ వ్యాసం లేకుండానే విడుదలైంది. డెబ్బై ఏళ్ళు దాటిన ఇద్దరు మనుషులు, నలభై ఏళ్ళ నాటి పని గురించి, ఎవరు ఎంత చేశారన్నదాని మీద ఇంకా పంతం పట్టారు. 2008లో పోయిన రైట్ తరఫున మాట్లాడేవాళ్ళు మాత్రం ఆ తగువులో నాకు కనపడలేదు.

ఆ రీమిక్స్ విషయంలో నా అభిప్రాయం ఇది. పాత మిక్స్‌లో డ్రమ్స్ కొంచెం అణిగి ఉండేవి, వాటర్స్ గొంతు మీదికి వచ్చేది. గుత్రీ వాయిద్యాల మధ్య ఖాళీ చేశాడు. ‘డాగ్స్’ మధ్యలో రైట్ సింథసైజర్ పొరలు ఒక్కొక్కటీ విడివిడిగా వినిపిస్తాయి, మేసన్ సింబల్స్‌కి ఊపిరి వచ్చింది. పాత గరుకుతనం పోయిందని బాధపడే అభిమానులున్నారు, వాళ్ళ బాధలో కొంత న్యాయం ఉంది. అయినా మొదటిసారి వినేవాళ్ళకి నేను రీమిక్సే ఇస్తాను. ఆల్బమ్‌ని మొదటి నుంచి చివరి దాకా, రాసిన క్రమంలోనే, మంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి. ‘షీప్’ మొదలైనప్పుడు మాటల కోసం ఎదురు చూడకుండా ఆ పియానో వాయిస్తున్న మనిషిని వినండి. ఆ తర్వాత కూడా ఇది వాటర్స్ సోలో ఆల్బమే అంటే కూర్చుని మాట్లాడుకుందాం.